నూటికి 27, నూటికి 18: ఒక పరిశోధన వ్యాసం చదివిన నా అనుభవం

2019 అక్టోబర్‌లో ఆర్థికశాస్త్రం నోబెల్ ప్రకటించిన వారమే మాకు అసైన్‌మెంట్లు పంచారు. నేను అప్పుడు ఎమ్మే రెండో సంవత్సరంలో ఉన్నాను. పరిశోధన పద్ధతుల క్లాసు. ఒక్కొక్కరికి అచ్చయిన అధ్యయనం ఒకటి ఇస్తారు. నెల రోజుల్లో దాన్ని క్షుణ్ణంగా చదివి, చెప్పినదానికి ఆధారం ఎంత ఉంది, ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ సందు ఉంది అని ఎనిమిది పేజీలు రాయాలి. తర్వాత క్లాసులో ఇరవై నిమిషాలు మాట్లాడాలి. నా వంతుకు వచ్చింది హైదరాబాద్ బస్తీల్లో గ్రూపు లోన్ల మీద చేసిన అధ్యయనం. రాసింది అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కినన్. వీళ్లలో మొదటి ఇద్దరికే ఆ వారం మైకేల్ క్రెమర్‌తో కలిపి నోబెల్ వచ్చింది.

కాగితాలు చేతికి రాగానే నాకు మా సందు చివర రేకుల షెడ్డు కళ్ల ముందు కదిలింది. 2007లో, నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, మా అమ్మ గ్రూపు లోను తీసుకుంది. పదివేలు. ప్రతి మంగళవారం పొద్దున ఏడింటికి ఆ షెడ్డులో మీటింగ్. కిస్తీ డబ్బులు చీర కొంగులో ముడేసుకుని వెళ్లేది. ఆలస్యమైతే గ్రూపులో మిగతావాళ్లు ఇంటికి వచ్చేవాళ్లు. ఒక్కోసారి మంగళవారం సాయంత్రం దాకా ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడేది కాదు. అందుకని ఈ పేపర్‌లో తప్పులు పట్టడం నాకు కష్టం కాదనుకున్నాను. ఇంకా చెప్పాలంటే, తప్పులు పట్టాలనే కూర్చున్నాను.

ముందు అధ్యయనం గురించి కొంచెం చెప్పాలి. 2005 ప్రాంతంలో స్పందన అనే మైక్రోఫైనాన్స్ సంస్థ, అంటే పేదలకు ఇలాంటి గ్రూపు లోన్లు ఇచ్చే కంపెనీ, హైదరాబాద్‌లో కొత్త బ్రాంచీలు పెట్టాలనుకుంది. పరిశోధకులు ఆ సంస్థతో మాట్లాడారు. ఆ సంస్థ ఎంచిన బస్తీల్లో 104 ఈ అధ్యయనంలోకి వచ్చాయి. ఒకదానికొకటి దగ్గరగా పోలిన బస్తీలను జతలు కట్టి, ప్రతి జతలో ఒక బస్తీని లాటరీలాగా తీశారు. లాటరీలో వచ్చిన 52 బస్తీల్లో ముందు బ్రాంచీలు తెరిచారు. మిగిలిన 52 చోట్ల అప్పుడే తెరవలేదు. బ్రాంచీ తెరిచిన 15 నుంచి 18 నెలల తర్వాత 6,800 పైచిలుకు ఇళ్లలో సర్వే చేశారు. మరో రెండేళ్లకు మళ్లీ అవే ఇళ్లకు వెళ్లారు. ఫలితాలు మొదట 2009లో వర్కింగ్ పేపర్‌గా, అంటే జర్నల్‌లో అచ్చుకాకముందు అందరికీ చూపించే ముసాయిదాగా వచ్చాయి. 2015 జనవరిలో అమెరికన్ ఎకనామిక్ జర్నల్‌లో అచ్చయ్యాయి. ఇండియాతో పాటు బోస్నియా, ఇథియోపియా, మెక్సికో, మంగోలియా, మొరాకోల్లో చేసిన ఇలాంటి అధ్యయనాలు కూడా అదే సంచికలో ఉన్నాయి.

వాళ్లు చెప్పింది క్లుప్తంగా ఇది. అంతకుముందే వ్యాపారం ఉన్నవాళ్ల పెట్టుబడి, లాభం పెరిగాయి. కానీ ఆ పెరుగుదల బాగా పైన ఉన్న కొద్ది వ్యాపారాల్లోనే. ఇంటి ఖర్చు మొత్తంగా చెప్పుకోదగ్గంత పెరగలేదు. ఇంట్లోకి కొనే పెద్ద వస్తువుల మీద ఖర్చు మొదటి సర్వేలో పెరిగింది. పిల్లల చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటు, వీటిలో తేడా కనిపించలేదు.

మొదటి వారం ఎర్ర పెన్ను పట్టుకుని చదివాను. పద్నాలుగు అభ్యంతరాలు రాసుకున్నాను. మీటింగుల్లో అవమానాల గురించి ఒక్క మాట లేదు. 2010 అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ కంపెనీలను అదుపు చేయడానికి ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చిన పరిస్థితి గురించి సరిపడా లేదు. వడ్డీ 12 శాతం అని రాశారు, కానీ అసలు భారం దానికి రెట్టింపు. ఇలా సాగింది జాబితా.

వడ్డీ దగ్గర నేను గంటసేపు ఆగాను, అది చెప్పాలి. ఎందుకంటే మా అమ్మకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. పదివేల మీద 12 శాతం అంటే 1,200. మొత్తం 11,200 యాభై వారాల్లో కట్టాలి, వారానికి 224 రూపాయలు. ఇరవై ఐదో వారానికి సగం అసలు తిరిగి కట్టేసినట్టే. కానీ వడ్డీ మాత్రం మొదటి రోజు తీసుకున్న పూర్తి పదివేల మీదే వేశారు. సగటున మన చేతిలో ఉన్నది ఐదువేలు, వడ్డీ పదివేలకు. అందుకే అది నిజానికి 24 శాతం. ఇది గొప్పగా పట్టుకున్నాననుకున్నాను. మర్నాడు అదే పేజీ మళ్లీ చదివితే ఆ 24 శాతం మాట పేపర్‌లోనే ఉంది. నా కళ్లు దాన్ని దాటేశాయి.

ఆ జాబితా తీసుకుని, ఈ క్లాసు చెప్పే మేడమ్ దగ్గరకు వెళ్లాను. ఆమె పూర్తిగా చదివి, పెన్సిల్‌తో ప్రతి దాని పక్కన ఒక అంకె వేశారు. ఒకటి అంటే, రాసినవాళ్లే ఒప్పుకున్న పరిమితి. రెండు అంటే, అధ్యయనం అడగని ప్రశ్న. మూడు అంటే, చేసిన పద్ధతిలోనే లోపం. "నువ్వు రాసినవాటిలో ఎక్కువ మైక్రోఫైనాన్స్ మీద నీ కోపం. కోపం ఉండొచ్చు. కానీ ఈ పేపర్ మీద నీ మాట ఏంటి?" అన్నారు. పద్నాలుగింటిలో మూడు అంకె పడ్డవి రెండే. ఒకటి అంకె ఆరింటికి పడింది. అంటే ఆరు విషయాల్లో నేను లోపం అనుకున్నది వాళ్లు ముందే చెప్పుకున్నారు.

నాకు బాధేసింది. కానీ ఆ మూడు అంకెల పద్ధతి ఇప్పటికీ వదల్లేదు. ఏ అధ్యయనం చదివినా పేజీ అంచున ఒకటి, రెండు, మూడు వేసుకుంటూ పోతాను.

రెండో వారం పట్టికల పని. పేపర్లో మాటలు చదవడం తేలిక, పట్టికలు చదవడానికి ఓపిక కావాలి. నేను రచయితలు రాసిన వాక్యాన్ని ఒక చేత్తో మూసి, ముందు పట్టిక చూసి నా వాక్యం నేను రాసుకునేదాన్ని. తర్వాత వాళ్ల వాక్యంతో పోల్చేదాన్ని. రెండూ తేడా వస్తే అక్కడ ఆగాలి. అలా ఆగిన చోటే ఈ అధ్యయనం నాకు అర్థమైంది.

బ్రాంచీ తెరిచిన బస్తీల్లో ఏదో ఒక మైక్రోఫైనాన్స్ సంస్థ దగ్గర లోను ఉన్న ఇళ్లు నూటికి 27. తెరవని బస్తీల్లో నూటికి 18. ఈ రెండు అంకెలను నేను చాలాసేపు చూశాను. ఈ అధ్యయనం గురించి ఎక్కడ విన్నా "లోను తీసుకున్నవాళ్లనూ తీసుకోనివాళ్లనూ పోల్చారు" అనే అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అది నిజం కాదు. పోల్చింది బస్తీనీ బస్తీనీ. బ్రాంచీ వచ్చిన బస్తీలో కూడా నూటికి 73 ఇళ్లకు ఈ లోను లేదు. రాని బస్తీలో కూడా 18 ఇళ్లకు ఉంది, ఎందుకంటే అప్పటికే వేరే కంపెనీలు దిగిపోయాయి. మొత్తం పోలిక నిలబడింది మధ్యలో ఉన్న తొమ్మిది ఇళ్ల మీద.

దీని ప్రభావం ఎంతో కాగితం మీద వేసుకున్నాను. లోను వల్ల ఒక ఇంటికి నెలకు 500 రూపాయల ఖర్చు పెరిగిందనుకుందాం. అది పేదింటికి చిన్న మొత్తం కాదు. కానీ నూరు ఇళ్లలో తొమ్మిదింటికే పెరిగితే బస్తీ సగటులో కనిపించేది 45 రూపాయలు. ఇంటింటికీ ఖర్చు అంత ఎక్కువ తక్కువలుగా ఉండే చోట ఆ 45 రూపాయలను సర్వేలో పట్టుకోవడం కష్టం. సగటు చుట్టూ వాళ్లు ఇచ్చిన పరిధి చూస్తే కొంచెం తగ్గి ఉండొచ్చు, కొంచెం పెరిగి ఉండొచ్చు, రెండూ అందులో పడతాయి. కాబట్టి "గ్రూపు లోన్ల వల్ల ఇంటి ఖర్చు పెరగలేదు" అని రాయకూడదు. "పెరిగినట్టు ఈ సర్వేలో తేలలేదు" అని రాయాలి. తెలుగులో రెండు మూడు మాటల తేడా. నేను నా డ్రాఫ్టులో ఏడు చోట్ల మొదటి రకంగా రాశానని తర్వాత లెక్కపెట్టి దిద్దుకున్నాను. వార్తల్లోనూ, మా తరగతి నోట్సుల్లోనూ ఈ తేడా ఎవరూ పాటించడం లేదు. దీనివల్ల విధానాలు మారతాయి, డబ్బులు ఆగుతాయి, రుణాలు వస్తాయి. అందుకే దీని మీద నాకు పట్టుదల.

ఇంకో మాట కూడా ఆ పట్టికల్లోనే దొరికింది. బ్రాంచీ వచ్చిన చోట బయటి అప్పులు, అంటే వడ్డీ వ్యాపారుల దగ్గర, తెలిసినవాళ్ల దగ్గర తెచ్చేవి, తగ్గాయి. ఆ ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు అమ్మను అడిగాను, ఆ పదివేలు ఏం చేశావని.

"నాలుగువేలు సేటుకు కట్టిన. మూడు రూపాయల వడ్డీ ఆయనది, ఎప్పటికీ తెగకపోతుండె. ఆరువేలకు పీకో మిషన్ కొన్న. సెకండ్ హ్యాండ్‌ది."

ఆ మిషన్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. చీరలకు పీకో, ఫాల్ కుట్టేది అమ్మ. ఇంట్లో మా బట్టలూ దాని మీదే కుట్టేది. మరి సర్వేవాళ్లు వస్తే ఆ మిషన్‌ను ఏ గడిలో వేస్తారు? ఇంటి సామానా, వ్యాపారం పెట్టుబడా? మొదటి గడిలో వేస్తే "వస్తువుల మీద ఖర్చు పెరిగింది" అని తేలుతుంది. రెండో గడిలో వేస్తే "వ్యాపారం పెరిగింది" అని తేలుతుంది. ఇంటికీ వ్యాపారానికీ మధ్య గోడ లేని ఇళ్లలో ఈ గీత ఎక్కడ గీశారన్నది ఫలితాన్నే మార్చేస్తుంది. ఈ ప్రశ్నను నా సమీక్షలో రెండో పేజీలోనే పెట్టాను.

కొలతల గురించి ఇంకా రెండు చెప్పాలి. "టెంప్టేషన్" ఖర్చులు, అంటే ఆశపడి చేసే ఖర్చులు, తగ్గాయని పేపర్‌లో ఉంది. అందులో ఏమేం కలిపారో చూస్తే మందు, పొగాకు, తమలపాకులు, జూదంతో పాటు ఇంటి బయట తినే తిండి కూడా ఉంది. మా నాయన ఆటో నడిపేవాడు. పొద్దున ఆరింటికి వెళితే రాత్రి పదింటికి వచ్చేవాడు. మధ్యాహ్నం బయట తినే ఇడ్లీ, రెండు చాయలు ఆయనకు ఆశపడి తినేవి కావు, పనికి కావాల్సినవి. ఆ ఖర్చు తగ్గితే అది పొదుపా, లేక కిస్తీ కోసం కడుపు కట్టుకోవడమా? పట్టికలో రెండూ ఒకటే అంకె. దీన్ని మేడమ్‌కు చూపిస్తే ఈసారి ఆమె మూడు అని వేయలేదు, రెండు అనీ వేయలేదు. పక్కన గీత గీసి, "ఇది మంచి ప్రశ్న. కానీ వాళ్లు ఏమేం కలిపారో దాచలేదు. ఆ నిజాయితీ కూడా రాయి" అన్నారు. రాశాను.

రెండోది ఆడవాళ్ల మాట చెల్లుబాటు. ఇంట్లో ఖర్చు, పొదుపు, పెట్టుబడి, పిల్లల చదువు, వీటి మీద ఎవరు నిర్ణయిస్తారని అడిగి, ఇంకొన్ని అంశాలతో కలిపి ఒక సూచిక చేశారు. పేపర్‌లో చెప్పిన అంశాలు పట్టుకుని నేనే తెలుగులో ప్రశ్నలు రాసుకుని, సర్వే చేసేవాళ్లలాగే అమ్మ ఎదురుగా కూర్చుని అడిగాను. "ఇంట్లో పెద్ద వస్తువు కొనాలంటే నిర్ణయం ఎవరిది? మీదా, మీ భర్తదా, ఇద్దరిదీనా?"

"మీ నాయనదే" అంది వెంటనే.

"మిషన్ కొనేటప్పుడు నాయనకు ఇష్టం లేదు కదా అమ్మా?"

"లేదు. నేను కొన్న."

"మరి నిర్ణయం నీదే కదా?"

"బయటోళ్లు అడిగితే మీ నాయన అనే చెప్తం బిడ్డా. అట్ల చెప్తేనే ఇంటికి మర్యాద."

పెన్ను పక్కన పెట్టేశాను. నేను ఆమె కడుపున పుట్టిన బిడ్డను, నాకే మొదట ఆ జవాబు చెప్పింది. ఒక్క అమ్మ జవాబుతో ఆరువేల ఇళ్ల సర్వే తప్పని అనలేం, అది నాకు తెలుసు. ఇలాంటి జవాబులు బ్రాంచీ ఉన్న బస్తీలోనూ లేని బస్తీలోనూ ఒకే తీరుగా వస్తే, పోలికలో తేడా రాకుండా చెల్లిపోతాయి కూడా. కానీ లోను వచ్చాక ఇంట్లో నిజంగా ఏదైనా మారినా, బయటివాళ్లకు చెప్పే మర్యాద జవాబు మాత్రం మారకపోతే, ఆ మార్పు ఈ కొలతకు దొరకదు. ఇది పేపర్ తప్పు అని నేను రాయలేదు. ఈ కొలత ఎంతవరకు చూడగలదో రాశాను.

మూడో వారం శాంపుల్, అంటే సర్వేకు ఏ ఇళ్లను ఎంచారన్నది. ఇక్కడే మేడమ్ మూడు అంకె వేసిన రెండు విషయాలూ ఉన్నాయి.

మొదటిది, 2005లో చేసిన మొదటి సర్వే. మామూలుగా ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అవే ఇళ్లకు వెళితే ఎవరిలో ఏం మారిందో చెప్పొచ్చు. ఇక్కడ తర్వాత సర్వే చేసిన ఇళ్లు వేరు. మొదటి సర్వేకు ముందు బస్తీలో ఎన్ని ఇళ్లున్నాయో పూర్తి లెక్క లేదు, అందుకని ఎంచిన ఇళ్లు సరైన ప్రాతినిధ్యం కావని వాళ్లే చెప్పారు. 2007లో ఇంటింటి లెక్క తీసి, ఆ లెక్క నుంచి కొత్తగా ఇళ్లు ఎంచారు. లాటరీ బస్తీల మధ్య సక్రమంగా జరిగింది కాబట్టి పోలిక నిలుస్తుంది. కానీ ఒక ఇంటి ముందు వెనకలు చెప్పే బలం పోయింది.

రెండోది ఇంకా లోతైనది. ఆ ఇళ్లు ఎంచడానికి షరతులు పెట్టారు. కనీసం మూడేళ్లుగా ఆ బస్తీలోనే ఉండాలి, ఇంట్లో 18 నుంచి 55 ఏళ్ల మధ్య ఆడమనిషి ఉండాలి. లోను తీసుకునే అవకాశం ఎక్కువ ఉన్న ఇళ్లను పట్టుకోవడానికి ఇలా చేశారు, ఆ కారణం నాకు అర్థమైంది. కానీ ఈ లెక్క తీసేనాటికి కొన్ని బ్రాంచీలు తెరిచేశారు. లోను దొరకడం వల్లో, కిస్తీ కట్టలేకో ఎవరైనా బస్తీ మారి ఉంటే వాళ్లు ఈ శాంపుల్‌లోకి రారు. పైగా మొదట అనుకున్న 120 బస్తీల్లో 16 చోట్ల వలస కూలీలు ఎక్కువగా ఉన్నారని లాటరీకి ముందే తీసేశారు.

ఇది చదివినప్పుడు మా సంగతి గుర్తొచ్చింది. మా వాళ్లు పాలమూరు నుంచి వచ్చారు. నేను పుట్టిన తర్వాత మొదటి ఆరేళ్లలో మేము నాలుగు బస్తీలు మారామట. మేస్త్రీ పని ఎక్కడుంటే అక్కడ రేకులు వేసుకునేవాళ్లం. నాయన ఆటో పట్టాకనే ఒక చోట నిలబడ్డాం. అలా తిరిగే ఇళ్లకు బస్తీలో ఏడాది ఉన్నట్టు కాగితం, గుర్తింపు కార్డు చూపించమంటే లోనే దొరకదు. కాబట్టి ఈ అధ్యయనం చెప్పేది నిలదొక్కుకున్న పేదల గురించి. ఎంచిన బస్తీలే పేదవి, కానీ అన్నిటికంటే పేదవి కావని పేపర్‌లోనే ఉంది. అయితే "భారతదేశంలో పేదలకు మైక్రోఫైనాన్స్" అని ఎవరైనా ఈ అధ్యయనాన్ని ఎత్తి చూపితే, ఆ పదహారు బస్తీలను గుర్తు చేయాలి.

పేపర్ డేటా, కోడ్ అందరికీ దొరుకుతాయని అప్పుడే తెలిసింది. హాస్టల్‌లో రెండు రాత్రులు కూర్చుని ఒక్క పట్టిక మళ్లీ వేయడానికి ప్రయత్నించాను. మొదటిసారి 27, 18 రాలేదు. ఎక్కడో తప్పు దొరికిందని గుండె కొట్టుకుంది. మా సీనియర్ అక్క వచ్చి చూసి, "వెయిట్లు వేశావా?" అంది. లోను తీసుకున్న ఇళ్లను కావాలనే ఎక్కువగా ఎంచారు కదా, వాటి బరువు తగ్గించి లెక్కేయాలి. వేశాక రెండు అంకెలూ వచ్చాయి. తప్పు దొరకలేదు. అయినా ఆ రాత్రి నాకు సంతోషంగా అనిపించింది. ఎవరో పెద్దవాళ్లు చెప్పారని కాకుండా నా చేత్తో నేను లెక్క వేసి చూసుకున్నాను.

అదే రాత్రి ఇంకో పని కూడా చేశాను. డేటాలో మా బస్తీ ఉందేమోనని వెతికాను. బస్తీల పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి. సర్వేలో జవాబు చెప్పినవాళ్లు ఎవరో తెలియకుండా ఉండటానికి అలా చేస్తారు, చేయాలి కూడా.

నవంబర్ చివర్లో క్లాసులో మాట్లాడాను. స్లైడ్లు ఆరు. మొదటి స్లైడ్ మీద 27, 18 మాత్రమే పెట్టాను. వాటి మీదే ఎనిమిది నిమిషాలు గడిచాయి. రెండో సర్వే గురించి త్వరగా చెప్పేశాను: అప్పటికి బ్రాంచీ లేని బస్తీల్లో కూడా స్పందన లోన్లు ఇవ్వడం మొదలుపెట్టింది, రెండు వైపులా ఇంచుమించు మూడో వంతు ఇళ్లకు లోన్లున్నాయి. అంటే అక్కడ పోలిక లోను ఉండటం, లేకపోవడం మధ్య కాదు, ముందు రావడం, తర్వాత రావడం మధ్య. ఆ సర్వే 2010లోనే ముగిసింది కాబట్టి ఆర్డినెన్స్ తర్వాతి రోజులు అందులో ఉండవు. అదే రచయితల్లో కొందరు మరొకరితో కలిసి ఆరేళ్ల తర్వాతి సంగతిని 2019లో వేరే పేపర్‌గా తెచ్చారు. ముందే వ్యాపారం ఉన్నవాళ్లకు లాభం నిలిచిందని అందులో తేలింది. ఆ మాట కూడా చెప్పాను. ఎందుకంటే 2015 పేపర్ దగ్గరే ఆగిపోయి తీర్పు ఇవ్వడం సరికాదు.

ప్రశ్నల సమయంలో మా అమ్మ సంగతి వచ్చింది. మిషన్ గురించి చెప్పాను కదా, దాన్ని పట్టుకుని ఒక స్నేహితుడు అడిగాడు: "మీ అమ్మగారికి లాభం వచ్చింది కదా, మరి ఈ ఫలితాన్ని అది కాదంటుందా, ఔనంటుందా?" నేను జవాబు చెప్పబోతుంటే మేడమ్ ఆపి, "ముందు ఒకటి చెప్పు. మీ అమ్మ లోను ఏ కంపెనీది?" అన్నారు.

స్పందన కాదు, వేరే కంపెనీది అన్నాను.

"అయితే మీ బస్తీ లాటరీలో వచ్చిందనుకో, మీ అమ్మ ఎక్కడ ఉంటుంది?"

"ఇరవై ఏడులో."

"రాలేదనుకో?"

"పద్దెనిమిదిలో."

చెప్పిన తర్వాతే నాకు తట్టింది. బ్రాంచీ వచ్చినా రాకపోయినా మా అమ్మ లోను తీసుకునేదే. తీసుకుంది కూడా. ఆ తొమ్మిది ఇళ్లలో ఆమె లేదు. ఆ అధ్యయనం కొలిచింది, కొత్త బ్రాంచీ రావడం వల్ల మాత్రమే లోను తీసుకున్న ఇళ్ల సంగతి. అప్పటిదాకా ఆగినవాళ్లు, సందేహించినవాళ్లు, ఒకవేళ అంత అవసరం లేనివాళ్లు. ఎలాగైనా తీసుకుని తీరే ఇళ్లకు లోను ఏం చేసిందో ఈ పోలిక నుంచి రాదు. నెల రోజులు మా అమ్మను తెచ్చి ప్రతి పట్టిక పక్కనా నిలబెట్టాను. ఆ పట్టికలు ఆమె గురించి మంచీ చెప్పలేదు, చెడూ చెప్పలేదు.

సమీక్షలో చివరి పేజీ ఆ రాత్రి తీసేసి మళ్లీ రాశాను. మొదట అక్కడ గ్రూపు లోన్ల మీద తీర్పు ఉండేది. దాని చోట ఇలా రాశాను: ఈ అధ్యయనం లాటరీ పద్ధతి గట్టిది, దాని అంకెలను నేను సరిచూశాను, కొత్త బ్రాంచీ తెరిస్తే బస్తీ సగటులో ఏం మారుతుందన్న ప్రశ్నకు ఇది నమ్మదగిన జవాబు, ముందు నుంచీ లోన్ల మీద ఉన్న ఇళ్లకు, వలస ఇళ్లకు, 2010 తర్వాతి రోజులకు దీన్ని వాడకూడదు.

ఆదివారం ఇంటికి వెళ్లి అమ్మకు ఇదంతా చెప్పాను. తొమ్మిది ఇళ్ల లెక్క బియ్యం గింజలు పెట్టి చూపించాను. ఆమె కుట్టు ఆపి శ్రద్ధగా విన్నది.

"అంటే గా సదువుకున్నోళ్ల లెక్కల్ల నేను లేను."

"లేవమ్మా."

"మరి నా లెక్క ఎవరు రాస్తరు?"

నా బ్యాగులోంచి నోట్‌బుక్ తీశాను. మొదటి లోను ఎప్పుడు తీసుకున్నావో అక్కడి నుంచి చెప్పమన్నాను. గ్రూపు లోనుకు ముందు కూడా అప్పులున్నయి, అవి చెప్పాల్నా అని అడిగింది. చెప్పమన్నాను. మిషన్ మీది గుడ్డ పక్కన పెట్టి, పాలమూరు నుంచి బస్సెక్కిన రోజు చార్జీల కోసం తెచ్చిన రెండు వందల దగ్గర మొదలుపెట్టింది.